నలభై నిమిషాల రొయ్య

కాసమ్మ గోపాలపూర్ దగ్గరి అంకులిలో ఒక మేడ మెట్లెక్కి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. కింద హార్డ్‌వేర్ కొట్టు, పైన రెండు గదుల గ్రాఫిక్స్ స్టూడియో. చెప్పులు బయట విడవమని తలుపు మీద అంటించిన కాగితం కేసి ఆమె చూడనైనా లేదు. తడి కాళ్లతో, చంకలో థర్మోకోల్ పెట్టెతో తిన్నగా లోపలికొచ్చి, ఆరు కంప్యూటర్ల మధ్య మేనకోడలు ఎక్కడుందో వెతుక్కుంది. కనబడగానే పెట్టె తెచ్చి తులసి కీబోర్డు మీద పెట్టింది. మూత తీసింది. ఐసులో పడుకోబెట్టిన సముద్రపు రొయ్యలు.

“ఇయి సచ్చి ఎన్నాళ్లయిందో సెప్పు,” అంది.

గదిలో ఉన్న నలుగురూ తలలు తిప్పారు. కీబోర్డు మీదికి కారుతున్న నీళ్లని తులసి చున్నీతో అద్దుతూ, “అత్తా, ఏటిది? ఇక్కడికెందుకొచ్చేవు?” అంది లోగొంతుకతో.

“నానడిగిందానికి సెప్పు. పైడన్న కూతురివి. పాకడం రాకముందే రొయ్యలు సూసినదానివి. ఇయ్యాల్టివా, నిన్నటివా, మొన్నటివా?”

తులసి ఒక రొయ్యని తీసి చూసింది. తల బిగువుగా ఉంది, పొలుసు గట్టిగా ఉంది, సముద్రం వాసన తప్ప ఇంకో వాసన లేదు.

“ఇయ్యాల్టివే.”

“మరి నీ మెషీనెందుకే ఎర్రలైటు ఏసింది?”

తులసి రొయ్యని మళ్లీ ఐసులో పెట్టింది.

సంగతేమిటంటే, గోపాలపూర్ రోడ్డు మీద రొయ్యలు కొని విదేశాలకు పంపే కంపెనీ ఒకటుంది. పడవల దగ్గర వేలంపాట పాడి రొయ్యలు కొనుక్కున్న ఆడవాళ్లు పొద్దున్నే ఆ కంపెనీ గేటు దగ్గర వరస కడతారు. ఇదివరకు అక్కడొక మనిషి రొయ్యని చేత్తో పట్టుకుని చూసి, మంచిదో కాదో తేల్చేవాడు. పదహారు రోజుల కిందట అతన్ని తీసేసి కెమెరా ఉన్న మెషీన్ పెట్టారు. ట్రేలో రొయ్యలు పోసి బెల్టు మీద పెడితే అది ఫొటో తీస్తుంది. తాజావైతే పచ్చలైటు, పాడైనవైతే ఎర్రలైటు. అయితే మెషీన్‌కి ఏది తాజా, ఏది పాడు అన్నది పుట్టుకతో తెలియదు. వేల బొమ్మలు చూపించి నేర్పాలి. అన్ని రొయ్యలు ఎక్కడ పోగేసి, ఎప్పుడు ఫొటోలు తీస్తారు? అందుకని అసలు రొయ్యల్లాగే కనబడే బొమ్మల్ని కంప్యూటర్‌లో తయారు చేయించుకున్నారు. ఆ పని ఈ స్టూడియోకి వచ్చింది. చేసింది తులసి. తాజావి నాలుగు వేలు, పాడైనవి నాలుగు వేలు.

ఆ మాట ఆమె ఇంట్లో తండ్రికి చెప్పింది. పైడన్న ఒడ్డు మీద అందరికీ చెప్పుకున్నాడు. మా తులసి బొమ్మలు గీస్తే గానీ కంపెనీ మెషీన్‌కి రొయ్యంటే ఏటో తెలవలేదని, పడవ దిగిన ప్రతివాడినీ ఆపి మరీ చెప్పాడు. ఆ గొప్పే ఇవాళ కాసమ్మ రూపంలో మెట్లెక్కి వచ్చింది.

“పదారు రోజులయింది,” అంది కాసమ్మ. “నావే కాదు. పుణ్యవతివి, బేబీవి, అందరివీ. సెరువు రొయ్యలకి పచ్చలైటు, మా సముద్రం రొయ్యలకి ఎర్రలైటు. గేటు కాడ ఎందుకని అడిగితే, మీ పైడన్న కూతుర్నే అడగండి అన్నాడు కాపలావోడు. మరి అడగనేటి?”

లోపలి గదిలోంచి దిలీప్ వచ్చాడు. స్టూడియో అతనిదే. ముందు నేల మీది తడి అడుగులు చూశాడు, తరువాత పెట్టె చూశాడు.

“ఏమ్మా, ఇదేమన్నా చేపల బజారనుకున్నావా?”

“నువ్వేటి దీనికి యజమానివా?”

“మాది బొమ్మల పని. మెషీన్ కంపెనీది. గొడవుంటే ఎల్లి అక్కడ పడు. బుఝిలు?” అన్నాడు దిలీప్. మాట చివర ఒడియాలో ‘అర్థమైందా’ అని అడగడం అతనికి కోపం వచ్చినప్పటి అలవాటు.

“నాకు బుఝిలే. నీకే అవ్వాల,” అంది కాసమ్మ. తులసి వైపు తిరిగింది. “ఈ పెట్టి నీకాడే ఉంచు. కుళ్లేదాకా సూడు. కుళ్లడమంటే ఏటో అప్పుడు తెలుస్తాది నీకు.”

మెట్లు దిగుతూ కూడా ఆమె ఊరుకోలేదు. హార్డ్‌వేర్ కొట్టువాడికి కూడా వినబడేట్టు తమ్ముణ్ణీ, తమ్ముడి కూతుర్నీ, దాని చదువునీ తిడుతూనే దిగింది.

“సాయంత్రంలోగా ఆ కంపు ఇక్కణ్ణించి పోవాలి,” అని దిలీప్ తలుపేసుకున్నాడు.

ఇంకా కంపేమీ లేదు. తులసి పెట్టెకి మూత పెట్టింది. నిజానికి ఆమె భయపడింది కాసమ్మ తిట్లకి కాదు. ‘చెరువు రొయ్యలకి పచ్చ, సముద్రం రొయ్యలకి ఎరుపు’ అన్న మాటకి. ఎందుకలా అవుతోందో ఆమెకి అప్పటికే సగం తెలిసిపోయింది.

రొయ్య గాజూ కాదు, రాయీ కాదు. గాజైతే వెలుగు తిన్నగా దాటిపోతుంది. రాయైతే పైనుంచే తిరిగొస్తుంది. రొయ్య కండలోకి వెలుగు దూరుతుంది, లోపల దేనికో తగిలి పక్కకి తిరుగుతుంది, మళ్లీ తగులుతుంది, మళ్లీ తిరుగుతుంది. దారిలో కొంత కండకే ఆహారమైపోతుంది, మిగిలింది ఇంకెక్కడో బయటపడుతుంది. తాజా రొయ్యకుండే ఆ తడి మెరుపు, లోపల దీపం పెట్టినట్టుండే తీరు, అంతా దాని వల్లే. కంప్యూటర్‌లో రొయ్యని నిజంలా చూపించాలంటే ఒక్కో కిరణాన్నీ ఆ కండలో చివరిదాకా వెంబడించాలి. దానికి రెండు అంకెలు చెప్పాలి. మిల్లీమీటరు దూరంలో ఎంత వెలుగుని కండ పీల్చుకుంటుంది అన్నది ఒకటి. ఎంత దూరానికోసారి అది దారి తప్పి చెదురుతుంది అన్నది రెండోది.

పాడైపోయే రొయ్య కండ పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. అంటే లోపల వెలుగు ఎక్కువగా చెదురుతోందన్నమాట. అలా చెదిరే కిరణం ఓపట్టాన బయటికి రాదు, ఓపట్టాన చావదు. దాన్ని వెంబడించి వెంబడించి కంప్యూటర్ ఒక్క బొమ్మకి నలభై నిమిషాలు తీసుకునేది. నాలుగు వేల బొమ్మలు ఆరు కంప్యూటర్ల మీద ఆపకుండా నడిపినా పద్దెనిమిది రోజులు.

ఆ లెక్క విన్న రోజున దిలీప్ ఆమె కుర్చీ వెనక నిలబడి, “ఆ వెలుగుని లోపల అన్నిసార్లు తిప్పడమెందుకు? పీల్చేయమను. చావనీ. నల్లబడితే కుళ్లినట్టే కదా, ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు.

“కుళ్లడం అలా ఉండదు సార్,” అంది తులసి.

“జరుపు.”

జరిపింది. చెదిరే అంకెని ఉన్నచోటే ఉంచి, పీల్చుకునే అంకె స్లైడర్‌ని మాత్రం కుడివైపుకి జరిపింది. కిరణాలు లోపలికెళ్లగానే చచ్చిపోయాయి, పని తేలికైంది. నలభై నిమిషాల బొమ్మ నాలుగు నిమిషాల్లో వచ్చింది. ముదురు రంగు రొయ్యలు తెర మీద నిజంగానే పాడైనవాటిలా కనిపించాయి. చూసి దిలీప్ భుజం తట్టాడు. ఆ వేళ ఆమెకి సంతోషమే కలిగింది, అది ఆమె మరిచిపోలేదు. ఒక్కసారి కాదని, మరి కాదనలేదు.

సముద్రపు రొయ్య పుట్టుకతోనే ముదురు రంగు.

ఆ పెట్టెని తులసి ఇంటికి తీసుకుపోయింది. కాసమ్మ కోపంతో అన్నమాటే ఆమెకి పని చూపించింది. కుళ్లేదాకా చూడాలి. దార్లో గేట్ బజార్‌లో దిగి, ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్లో చిన్న చిన్న గాజు ముక్కలు కోయించుకుంది, పక్క సందులో కిలో చెరువు రొయ్యలు కొంది. గోపాలపూర్‌లో ఇంటి డాబా మీద, సెలవు పెట్టి మరీ, నాలుగు రోజులపాటు అదే పని. బ్లేడుతో కండని మిల్లీమీటరు, రెండు, మూడు మందాన ముక్కలు కోసేది. రెండు గాజుల మధ్య నొక్కేది. వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి ఫోన్‌తో ఒకే తీరున ఫొటో తీసేది. ఎరుపు ఎంత దాటింది, పచ్చ ఎంత దాటింది, నీలం ఎంత దాటింది అని రాసుకునేది. కొన్నింటిని ఐసులో ఉంచింది, కొన్నింటిని ఐసు లేకుండా ఒక పూట వదిలేసింది.

రెండోరోజుకే తేలిపోయింది. సముద్రపు రొయ్య తాజాగా ఉన్నప్పుడే నీలం వెలుగుని బాగా మింగేస్తోంది. కానీ మింగగా మిగిలింది తిన్నగా దాటుతోంది. ముక్కని గాజు మీద పెట్టి, వేలెడు కింద అచ్చు కాగితం ఉంచితే అక్షరాలు గోధుమరంగులోనైనా చదవడానికొస్తున్నాయి. చెరువు రొయ్య పాడయ్యాక కూడా పెద్దగా నల్లబడటం లేదు. తెల్లగానే ఉంటోంది, కానీ కింది అక్షరాలు మంచులో దీపాల్లా చెదిరిపోతున్నాయి. ముదురుగా ఉన్నవన్నీ పాడైనవని తులసి మెషీన్‌కి నేర్పింది. తెల్లగా ఉన్నవన్నీ మంచివని నేర్పింది. రెండూ తప్పే.

ఆ రెండోరోజు సాయంత్రమే పైడన్న డాబా ఎక్కి వచ్చాడు. గాజు ముక్కల కేసి చూసి మొహం తిప్పుకున్నాడు.

“మా అప్ప కాసమ్మ నా పడవ సేప పాటకి రాలేదు ఇయ్యాల. ఇంకొకర్ని రానివ్వలేదు కూడాను. సూత్తూ సూత్తూ నా బుట్ట ఎండలో ఉండిపోనాది.”

“తప్పు నాదే నాన్నా. కనిపెట్టేను.”

“కనిపెట్టేవా? ఇప్పుడా? ముందు తెలీదేటి?”

తులసి తల దించుకుని గాజు ముక్క తుడిచింది.

“తెలిసే సేసేవన్నమాట,” అన్నాడు పైడన్న. “మరి ఆయేళ అంత గొప్పగా ఎందుకు సెప్పేవే నాకు?”

“నాను నీకు సెప్పేను. ఊరంతటికీ సెప్పమన్నానేటి?”

పైడన్న చెయ్యెత్తబోయి ఆగిపోయాడు. ఇరవయ్యారేళ్ల కూతురి మీద చెయ్యెత్తడం అతనికే ఎబ్బెట్టుగా తోచి ఉంటుంది. గట్టిగా కాండ్రించి ఉమ్మి, కిందికి దిగిపోయాడు. ఆ తరువాత ఇంట్లో మాటల్లేవు. అన్నం గిన్నె అతని ముందుకు తోసేది, తిని లేచిపోయేవాడు.

అయిదోరోజున తులసి స్టూడియోకి వెళ్లి దిలీప్ గది తలుపు కొట్టింది. ఫొటోలు, అంకెలు అన్నీ వరసగా చూపించింది. అతను చివరిదాకా చూశాడు. పని తెలిసినవాడు, అర్థం కాకపోవడమేమీ లేదు.

“నిన్నెవరడిగారు ఇదంతా?” అన్నాడు.

“పాడైనవాటి బొమ్మలన్నీ మళ్లీ చెయ్యాలి సార్. పద్దెనిమిది రోజులు. సముద్రం రొయ్యలవి కొత్తగా కలపాలి, అది ఇంకొన్నాళ్లు.”

“అదే కంపెనీ పీతలకీ, కందవాలకీ, అదే స్క్విడ్‌లకీ, బొమ్మలు చెయ్యమని ఆర్డర్ ఇవ్వబోతోంది. ఈ వారమే సంతకం. ఇప్పుడెల్లి మా బొమ్మలు తప్పండీ అంటామా? బుఝిలు?”

“ఆ ఆడోళ్ల రొయ్యలు రోజూ తిరిగొచ్చేస్తన్నాయి.”

“గేట్ బజార్‌లో అమ్ముకుంటారు. ఎవరూ చచ్చిపోరు.”

“మీరు చెప్పకపోతే నేనే ఎల్లి చెప్తాను.”

దిలీప్ కుర్చీలో వెనక్కి వాలాడు. “ఎల్లు. కానీ ఒకటి గుర్తెట్టుకో. ఆ ఫైళ్లన్నిటి మీదా పేరు నీదే. స్లైడర్ జరిపిన చెయ్యీ నీదే. నేను కుర్చీ ఎనక నిలబడ్డాను, అంతే. ఎల్లినదానివి మళ్లీ ఈ మెట్లెక్కకు.”

మర్నాడు పొద్దున్న ఏడింటికి తులసి కంపెనీ గేటు దగ్గరుంది. చేతిలో రెండు డబ్బాలు. వరసలో ఉన్న ఆడవాళ్లు ఆమెని చూసి దారివ్వలేదు. బేబీ అనే ఆవిడ కావాలనే బుట్ట అడ్డంగా జరిపింది.

“రా రా తల్లీ,” అంది కాసమ్మ వరస మధ్యలోంచి. “నీ మెషీన్ మా నోట్లో మన్ను కొట్టడం కళ్లారా సూద్దువుగానొచ్చేవా?”

తులసి తిన్నగా మెషీన్ దగ్గరికి నడిచింది. దాన్ని నడిపే సస్మిత కంగారుపడి, “ఇక్కడికి రాకూడదక్కా,” అని ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో అంది. ఆ చప్పుడుకి అద్దాల గదిలోంచి వెంకటరమణమూర్తి బయటికొచ్చాడు. నాణ్యత చూసే అధికారి అతనే. ఆంధ్రాలో చెరువుల మీద పాతికేళ్లు పనిచేసి వచ్చినవాడు. మెషీన్ కావాలన్నదీ, బొమ్మలకి నమూనాగా చెరువు రొయ్యల్నే ఇచ్చిందీ అతనే.

“ఎవరమ్మా నువ్వు?”

“ఈ మెషీన్‌కి బొమ్మలు చేసింది నేనేనండి. అవి తప్పు బొమ్మలు. ఆ సంగతి చెప్పడానికొచ్చాను.”

మూర్తి నవ్వలేదు, కోప్పడనూ లేదు. చేతి గడియారం చూసుకున్నాడు. “దిలీప్‌తో చెప్పించు. ఇలా వీళ్లందర్నీ వెంటేసుకుని గేటు దగ్గర తమాషా చేస్తే ఊరుకోను.”

“నాను తీసుకురాలేదు దీన్ని!” అని కాసమ్మ అక్కణ్ణించే అరిచింది. “మాకూ దీనికీ సుట్టరికం లేదు!”

“ఒక్క ట్రే పెట్టనివ్వండి,” అంది తులసి. “తరువాత పొమ్మంటే పోతాను.”

అతను మళ్లీ గడియారం చూసుకున్నాడు. తులసి మొదటి డబ్బాలోవి ట్రేలో పోసి బెల్టు మీద పెట్టింది. మూత తీసిన మరుక్షణం సస్మిత ముక్కు మూసుకుంది. అవి అయిదు రోజుల కిందటి చెరువు రొయ్యలు, ఒక పూట ఐసు లేకుండా ఉన్నవి. వాసన వరస చివరిదాకా పాకింది. ట్రే కెమెరా కిందికి వెళ్లింది.

పచ్చలైటు వెలిగింది.

ముందు ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. తరువాత అందరూ అందుకున్నారు. మూర్తి మొహంలో రంగు మారింది. వాసన చూడ్డానికి అతను వంగాల్సిన పనే లేకపోయింది.

తులసి వరస దగ్గరికెళ్లి కాసమ్మ బుట్టలోంచి గుప్పెడు రొయ్యలు తీయబోయింది. కాసమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి కాసమ్మ చెయ్యి వదిలి, తనే రొయ్యలు తీసుకెళ్లి ట్రేలో పోసింది. గంట కిందటి వరకు పడవలో ఉన్న రొయ్యలు. ఎర్రలైటు వెలిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“రంగుని చూసి పాడైందంటోందండి,” అంది తులసి. “నేనలా నేర్పాను. చూడండి.” రెండో డబ్బాలోంచి బ్లేడూ గాజులూ తీసి, అక్కడే నిలబడి రెండు రకాల కండల్నీ పల్చగా కోసి గాజుల మీద పెట్టింది. కింద వేలెడు ఎడంగా కంపెనీ తూకం చీటీ పట్టుకుంది. సముద్రపు రొయ్య కండలోంచి చీటీ మీది అక్షరాలు మసక వెలుతురులో చదివినట్టు కనిపించాయి. చెరువు రొయ్య కండలోంచి తెల్లటి మరకలు తప్ప ఏమీ లేవు. “ఇది వెలుగుని మింగుతోంది, కానీ చెదరగొట్టడం లేదు. అది మింగడం లేదు, చెదరగొట్టేస్తోంది. చెదరగొట్టేదే పాడైంది.”

మూర్తి రెండోసారి, మూడోసారి చూశాడు. ఆడవాళ్ల రొయ్యలు తిరిగిపోతున్నందుకు అతనికి చీమ కుట్టినట్టయినా లేదు, ఆ సంగతి అందరికీ కనబడుతూనే ఉంది. అతన్ని తినేస్తున్నది పచ్చలైటు. మూడు వారాలుగా ఆ పచ్చలైటు కింద ఎన్ని పెట్టెలు దాటి ఓడ ఎక్కాయో అతనికే తెలియాలి.

“మెషీన్ ఆపు,” అన్నాడు సస్మితతో. ఫోన్ తీసి దిలీప్‌ని రమ్మన్నాడు.

దిలీప్ ముప్పావు గంటలో వచ్చాడు. వస్తూనే తులసిని చూసి సంగతి గ్రహించాడు. “సార్, ఇదంతా ఈ అమ్మాయి చేసిన పనే. ఫైళ్ల మీద పేరు చూడండి కావాలంటే. నాకు తెలీకుండా పని తొందరగా తెమల్చాలని...”

“అవును, నేనే చేశాను,” అంది తులసి. “నలభై నిమిషాలు నాలుగు కావాలని ఎవరన్నారో అది కూడా చెప్పమంటారా సార్?”

“నోర్ముయ్!”

“మీ ఇంటి గొడవ నాకక్కర్లేదు,” అన్నాడు మూర్తి ఇద్దరి మీదా ఒకేలా కసురుకుంటూ. “ఇవాళ్టినుంచి పాత పద్ధతే. మనిషే చూస్తాడు. నెలన్నరలో బొమ్మలన్నీ మళ్లీ చేసివ్వాలి. పైసా అదనంగా ఇవ్వను. చెయ్యకపోతే పీతలూ లేవు, కందవాలూ లేవు, నీకొచ్చిన ఈ ఒక్క పనీ ఉండదు.”

గేటు బయటికొచ్చాక దిలీప్ బైకు ఎక్కుతూ, “రేపట్నుంచి కనబడకు,” అన్నాడు. తులసి తలూపింది. నిన్ననే చెప్పాడు కదా.

కాసమ్మ ఖాళీ బుట్టతో బయటికొచ్చింది. ఆ రోజు ఆమె రొయ్యలన్నీ తీసుకున్నారు. మేనకోడలి పక్కనుంచి రెండడుగులు దాటిపోయి, వెనక్కి తిరిగింది.

“నువ్వు సెడగొట్టిందాన్నే నువ్వు బాగుసేసేవు. దానికి నాను దండమెట్టాలనుకుంటన్నావేటి?”

“ఎట్టమన్లేదు.”

“ఎట్టను కూడా. మూడు వారాలే, మూడు వారాలు!” అని వెళ్లిపోయింది. పైడన్న పడవ పాటకి మాత్రం ఆ మర్నాటి నుంచి మళ్లీ వచ్చింది. వచ్చి అందరికంటే తక్కువగా పాడి, అందరికంటే ఎక్కువగా గొణిగేది.

తొమ్మిది రోజులు తులసి ఇంట్లో ఉంది. పదోరోజు పొద్దున్న ఫోన్ మోగింది. దిలీప్. పలకరింపు లేదు.

“రేపు రా.”

“ఎందుకు?”

“తెలీదా ఎందుకో? ఇక్కడెవరికీ రావట్లేదు అది.”

“బొమ్మకి నలభై నిమిషాలు,” అంది తులసి. “ముప్పయ్యెనిమిది కూడా కాదు. స్లైడర్ మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. కుర్చీ ఎనక ఎవరూ నిలబడకూడదు.”

అవతల ఒడియాలో ఒక తిట్టు, అది ఆమెనో, మూర్తినో, తన తలరాతనో. ఆ తరువాత “సరే.”

నెల రోజులు ఇద్దరూ ఆ రెండు గదుల్లోనే ఉండి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే కాగితం మీద రాసి పక్క కుర్రవాడి చేత పంపుకునేవారు. ఆరు కంప్యూటర్లూ వేడెక్కి రొద పెడుతూ పగలూ రాత్రీ నడిచాయి. తులసి సముద్రపు రొయ్యల అంకెలు తాజాగా కొలవడానికి రోజుకో దోసెడు రొయ్యలు కావాల్సి వచ్చింది. ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ కాసమ్మే తెచ్చి మెట్ల కింద హార్డ్‌వేర్ కొట్టు అరుగు మీద పెట్టేది. ఊరికే కాదు, గేటు దగ్గరి రేటుకే. పైకి వచ్చేది కాదు. తులసి దిగి వచ్చి తీసుకుంటుంటే, “ఇయి ఇయ్యాల్టివే. మళ్లీ కుళ్లిపోయినాయని రాసీకు,” అనేది. తులసి డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టేది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా బొమ్మలు పూర్తయ్యాయి. మెషీన్‌కి కొత్తగా నేర్పారు. మళ్లీ బెల్టు కదిలిన రోజు మూర్తి తులసిని కూడా గేటు దగ్గర ఉండమన్నాడు. తేడా వస్తే ఎవర్ని అనాలో ఎదురుగా ఉంటారని.

బేబీ బుట్ట, పచ్చ. పుణ్యవతి బుట్ట, పచ్చ. చెరువు రొయ్యల పెట్టెలు ఏడు, అందులో ఒకటి ఎరుపు. మూర్తి దాన్ని తెరిచి వాసన చూసి పక్కన పెట్టించాడు. కాసమ్మవి నాలుగు పెట్టెలు. మూడు దాటాయి. నాలుగోది బెల్టు మీద ఆగింది.

ఎర్రలైటు.

“మళ్లీ మొదలెట్టిందిరా!” అని కాసమ్మ రెండు చేతులూ పైకెత్తింది. “సూడండర్రా! సూడండి! నెల రోజులు కూకుని ఇదా సేసింది?”

ఆడవాళ్లంతా మెషీన్ చుట్టూ మూగారు. తులసి ముందుకొచ్చి పెట్టెలో పైవరస పక్కకి జరిపింది. పైవి ఇవాళ్టివి. కింద ఉన్నవి తెల్లబారి ఉన్నాయి. బెల్టు కుదుపుకి వాటిలో కొన్ని పైకి తేలి కెమెరాకి చిక్కాయి. అవి నిన్నటివో మొన్నటివో. అంత అనుభవమున్న మనిషి పొరపాటున కలిపినవి కావు.

ఆమె తలెత్తి అత్త వైపు చూసింది. కాసమ్మ కూడా ఆమెనే చూస్తోంది. ఎత్తిన చేతులు మెల్లిగా దిగాయి. చుట్టూ ఉన్నవాళ్లు పెట్టెలోకి తొంగిచూసి, ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

“హఉ,” అంది కాసమ్మ చివరికి, ఒడియావాళ్లు సరే అన్నట్టు. “మెషీన్‌కి సదువు ఎక్కువైపోనాది.” పెట్టె ఎత్తుకుని, ఆటో పిలిచి, గేట్ బజార్‌కి పొమ్మంది. వెళ్తూ వెళ్తూ తులసి కాళ్ల దగ్గర ఐసు నీళ్లు ఒంపి మరీ వెళ్లింది.

సాయంత్రం పైడన్న వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. కూతురు లోపలికి పోతుంటే తల ఎత్తకుండా అడిగాడు.

“ఎరుపొచ్చిన పెట్టి మా అప్పదేనంట కదా?”

“అవును.”

“అందరి ముందూ సెప్పీసేవా?”

“నాను నోరు ఇప్పలేదు. మెషీనే సెప్పింది.”

పైడన్న ఒక ముడి వేసి, దారాన్ని పంటితో తెంపాడు.

“రేపు మళ్లీ నా సేప కొనదు,” అన్నాడు.

అన్నట్టే మర్నాడు కొనలేదు.